శుక్రవారం సగం మాత్ర

మాత్ర నడుమ సన్నని గీత ఉంటుంది. సంజీవమ్మ ఆ గీత మీద బొటనవేలి గోరు ఆనించి నొక్కింది. టిక్కుమని రెండు ముక్కలైంది. ఒక ముక్కను మళ్ళీ సీసాలో వేసి మూత పెట్టింది. రెండోదాన్ని చెంచాడు పెరుగులో దాచింది.

"నోరు తెరువు యుమ్మా. ఊఁ, అంతే."

మంచం మీద ముసలామె నోరు తెరిచింది. పరదాల వెనక, ఆ అరబ్బుదేశపు జాబ్రియా పేటలో, ఎండ తెల్లగా కాగుతోంది గాని, గదిలోకి వచ్చేసరికి అది పాలు కలిపిన నీళ్ళలా పలచబడిపోయింది. ఏసీ ఒకే శ్రుతిలో మూలుగుతోంది. ఆ గదిలో పొద్దూ మాపూ తేడా తెలియదు. ఏ వేళకైనా ఇప్పుడే నిద్ర లేచినట్టో, ఇప్పుడే నిద్ర పట్టబోతున్నట్టో ఉంటుంది.

ఆ ఇంట్లో పెద్దలకూ పిల్లలకూ ఆమె యుమ్మాయే. యుమ్మా అంటే అమ్మ. పక్షవాతం వచ్చి ఏడేళ్ళయింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు, మొహంలో ఎడమ సగం ఆ రోజే పడిపోయాయి. ఎడమ బుగ్గ ఖాళీ సంచిలా వేలాడుతుంది. తిన్న ప్రతి ముద్దలో కొంత అందులో చేరి ఉండిపోతుంది. అందుకే ఏది తినిపించినా, తర్వాత వేలికి తడిగుడ్డ చుట్టి ఆ బుగ్గ లోపలంతా తుడవాలి. రోజుకు అయిదారుసార్లు సంజీవమ్మ చేసే పని అది. ఒక్క శుక్రవారం పొద్దున మాత్రం చర్చి వ్యాను వచ్చే తొందరలో ఆ పని ఎగిరిపోతుంది.

యుమ్మా కళ్ళు మూసుకుంది. సంజీవమ్మ కాసేపు ఊపిరి విని, అటు తిరిగి చీర కట్టుకుంది. వారమంతా మోకాళ్ళ కింది దాకా వేలాడే నీలం గౌను. ఈ మూడు గంటలే చీర. యాభై మూడేళ్ళ పొట్టి మనిషి, డెట్టాల్ వాసన వదలని చేతులు, పగుళ్ళు పూడని మడమలు. కోడూరు మామిడితోటల్లో కాయల గంపలు మోసిన మనిషి. మొగుడు పోయాక, తొంభై ఆరులో ఇక్కడికి వచ్చింది. ఇది పదకొండో వేసవి. బిడ్డలు ఎవరి పొయ్యి వాళ్ళు పెట్టుకున్నారు.

ఇంటి యజమానురాలు, యుమ్మా కోడలు, పనివాళ్ళు 'మామా' అని పిలిచే మనిషి, సంజీవమ్మను 'సంజూ' అంటుంది. పిల్లలూ అంతే. వచ్చిన మూడో ఏడు కామెర్లొచ్చి పడిపోయినప్పుడు, పక్క వీధిలో పనిచేసే దేవిక సిటీలోని చర్చికి తీసుకుపోయింది. అక్కడ ఆడవాళ్ళు తల మీద చేతులుంచి 'సంజీవమ్మ' అని నిండుగా పేరు పలికి ప్రార్థన చేశారు. ఈ దేశంలో తన పేరు పూర్తిగా వినపడింది ఆ రోజే. ఆ తర్వాత నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకుంది. ఇక్కడ సెలవూ చర్చీ శుక్రవారమే; ఆ శుక్రవారం లేకపోతే మిగతా ఆరు రోజులూ గడవవు అన్నట్టయింది.

మామా పెట్టిన షరతు ఒక్కటే. "యుమ్మా నిద్రపోతే పో. మేలుకొని ఉంటే పోకూడదు." రెండేళ్ళ కిందట ఒక శుక్రవారం యుమ్మా నిద్రపోలేదు. వ్యాను రెండుసార్లు హారన్ కొట్టి వెళ్ళిపోయింది. సంజీవమ్మ వంటింట్లో గోడకు ఆనుకొని చిన్నపిల్లలా ఏడ్చింది. పై శుక్రవారం చెయ్యి దానంతటదే సీసా దగ్గరికి పోయింది. రాత్రి ఇమ్మని డాక్టరు చెప్పిన మాత్రే కదా, పగలు ఒక సగం ఇస్తే ఏమవుతుంది? దేవుడి దగ్గరికి పోవడానికే కదా? అప్పటినుంచి అది అలవాటైంది. అలవాటయ్యాక దాన్ని గురించి ఆలోచించడమే మానేసింది.

వ్యాను నడిపే దొరబాబుది అమలాపురం. తలుపు తీస్తూనే మొదలుపెట్టాడు.

"ఏంటండీ సంజీవమ్మగారూ, హారన్ కొట్టకుండానే ఒచ్చేశారు! ఇయ్యాల వానొచ్చేత్తదండి బాబూ."

"రానీలేబ్బా, నీ బండన్నా కడిగినట్టయితాది," అంది లోపలినుంచి దేవిక. "ఏందిది, మళ్ళా కుడిపక్కకే పోతాండాదే? మమ్మల్ని చర్చికి తీస్కపోతాండావా, సముద్రంలోకా?"

"నేనేం చేత్తానండీ? ఒగ్గేత్తే అటే లాగేత్తంది. ఊరంతా తిరిగేసరికి నా ఎడంచెయ్యి ఊడిపోతందండి."

అందరూ నవ్వారు. సంజీవమ్మ కూడా నవ్వింది. బయట రోడ్డు, ఇళ్ళు, ఖర్జూరపు చెట్లు దుమ్ములో కరిగి, నీళ్ళడుగున ఉన్నట్టు కదిలిపోయాయి.

చర్చి ఆవరణలో ఒక్కో గదిలో ఒక్కో భాష. తెలుగువాళ్ళ హాలు మెట్లు దిగి చివరన. ఆ రోజు పాస్టరు అయ్యగారు పాపం గురించి చెప్పారు. ఆ మాట వినగానే సంజీవమ్మ సర్దుకుని కూర్చుంది. పాపమంటే ఆమెకు వేరేవాళ్ళే గుర్తొస్తారు. వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, ఇంటినుంచి గొలుసు తీసుకుని పారిపోయిన పిల్ల. డ్రైవరుతో పోయిన బషీరా బీ. ఊళ్ళో సరిహద్దు రాయి జరిపిన మరిది.

"మన దొరబాబు బండి ఎక్కారు గదా?" అన్నారు అయ్యగారు. హాలంతా నవ్వు. వెనక నిలబడ్డ దొరబాబు తల దించుకున్నాడు. "నున్నటి రోడ్డు. ఎవ్వరూ చక్రం తిప్పలేదు. అయినా పక్కకి లాగుతుంది. పాపమంటే మనం ఎప్పుడో ఒకసారి చేసిన చెడ్డపని ఒక్కటే కాదమ్మా. లోపల ఆ లాగేది ఉందే, అది. తప్పుడు చోటికి పోయేటప్పుడే లాగుతుందనుకోకండి. చర్చికి వచ్చేటప్పుడు కూడా అది లాగుతూనే ఉంది."

ఆ తర్వాత ఆయన ఇంకా ఏమేమో చెప్పారు. సంజీవమ్మకు వినపడలేదు. ఆమె తన బొటనవేలి గోరు వంక చూసుకుంటోంది. గోరు అంచున తెల్లగా కొంచెం పొడి అంటుకుని ఉంది. యుమ్మాకు తల దువ్వే చెయ్యి ఇదే. పాట పుస్తకం పట్టుకున్నదీ ఇదే. వేరేవాళ్ళ చెయ్యి కాదు. ఒకే చెయ్యి, నడుమ ఏదో గీత ఉన్నట్టు, రెండుగా విరిగి ఉంది.

ప్రభువు సంస్కారపు రొట్టె ముక్కల పళ్ళెం వరుసలో వచ్చింది. ఆమె తీసుకోకుండా పక్కకు అందించింది.

"ఏమక్కా, తీసుకోలా?" దేవిక గుసగుసగా అడిగింది.

"ఒక మనిషితో పని ఉండాదిమే. అది తీరల్ల ముందు."

తిరుగు దారంతా ఆమె కిటికీకి తల ఆనించుకుని కూర్చుంది. చెప్తే యుమ్మా కోడలితో అనవచ్చు. అంటే ఇక్కడ ఉండనిచ్చే కాగితం, ఇఖామా, రద్దు చేసి, వచ్చిన సంచితోనే విమానం ఎక్కించేస్తారు. పోలీసులను పిలిచినా పిలుస్తారు. అవేవీ అంత భయంగా లేవు. యుమ్మా ఇక తన చేత్తో ముద్ద తినకపోతే? భయమల్లా ఆ ఒక్కటే.

ఇల్లు మధ్యాహ్నపు మత్తులో ఉంది. మామా గది తలుపు మూసి ఉంది. సంజీవమ్మ చీర కూడా మార్చకుండా మంచం పక్కన నేల మీద కూర్చుంది. యుమ్మా కళ్ళు తెరిచింది. ఆమె అరబ్బీ, ఈమె తెలుగు ఏడేళ్ళలో కలిసిపోయి, ఆ గదిలో తప్ప ఇంకెక్కడా చెల్లని ఒక భాష అయ్యాయి. ఆ భాషలోనే చెప్పింది.

"యుమ్మా, నేను చర్చికి పోయేదానికి నీకు మాత్ర ఇస్తాంటి. నిద్రమాత్ర. శుక్రవారం శుక్రవారం. డాక్టరు చెప్పలా, మామా చెప్పలా. నేనే."

"తెలుసు," అంది యుమ్మా.

"ఏం తెలుసు?"

ముసలామె కుడిచెయ్యి ఎత్తి మంచం కమ్మీకి వేలాడే పచ్చ మఖమలు సంచిని చూపించింది. "అది తీ."

"నీ జపమాల సంచి గదా యుమ్మా. నేను ముట్టుకోను."

"తీ అంటుంటే! మొండిదానా."

సంజీవమ్మ సంచి విప్పింది. తేనెరంగు పూసల కింద, అడుగున, సగం మాత్రలు. తడిసి ఆరి, పసుపుబారి, నూలు అంటుకుని, ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. ఎన్ని శుక్రవారాలవో.

"మింగలేదా నువ్వు?"

"మొదటిది మింగాను. లేచేసరికి నువ్వు పాట పాడుకుంటూ నా కాళ్ళు పిసుకుతున్నావు. అన్నేళ్ళలో నువ్వు పాడగా ఒక్కసారీ వినలేదు." యుమ్మా ఊపిరి పీల్చుకుంది. "ఆ తర్వాత బుగ్గలో పెట్టుకున్నాను. శుక్రవారం నువ్వు బుగ్గ తుడవవు గదా."

"మరి నిద్రపోతాంటివే?"

"దొంగ నిద్ర." ఆమె మొహంలో బతికున్న సగం నవ్వింది. "కళ్ళు మూసుకోకపోతే నువ్వు పోవు. పోకపోతే వారమంతా నీ మొహం చూడలేను."

"మూడు గంటలు! దప్పికైతే?"

"ఓర్చుకుంటాను."

"పక్క తడిస్తే?"

యుమ్మా కళ్ళు పక్కకి తిప్పుకుంది. సంజీవమ్మ దుప్పటి కింద చెయ్యి పెట్టింది. తడి. ప్రతి శుక్రవారం తడే. మందు మత్తులో తెలియక అనుకునేది ఇన్నాళ్ళూ. మెలకువగా ఉండి, పిలిస్తే కోడలు లేస్తుందని, తాను మేలుకొనే ఉన్నానని బయటపడితే ఈ శుక్రవారాలు ఆగిపోతాయని, నోరు కట్టుకుని ఈ మనిషి తడిలో పడుకుంది.

మింగలేదు కదా, ఏమీ కాలేదు కదా అని ఒక చల్లని ఊరట సంజీవమ్మ లోపల లేచింది. లేచిన మరుక్షణం ఆమె దాన్ని గుర్తుపట్టింది. అదిగో, బండి మళ్ళీ పక్కకి లాగుతోంది. ఈమె మింగకపోతే ఏం? ఇచ్చిన చెయ్యి నాదే.

"సామహీనీ యుమ్మా," అంది. "నన్ను మన్నించు. నేను చేసింది తప్పు."

"తప్పే," అంది యుమ్మా మెల్లగా. ఎండిన కుడి అరచేతిని ఆమె పాపిట మీద ఉంచింది. "ఖలాస్. అయిపోయింది."

"మామాకు కూడా చెప్తా."

"చెప్పు. నేను పోయాక చెప్పు. నిన్ను పంపించేస్తే నా బుగ్గ ఎవరు తుడుస్తారే?"

సంజీవమ్మకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. యుమ్మా ఖర్జూరం అడిగింది. ఆమె చేతులు కడిగి, వంటింట్లోంచి బాగా పండినదొకటి తెచ్చి, గింజ తీసి, వేళ్ళతో మెత్తగా నొక్కి నోటికి అందించింది. యుమ్మా చిగుళ్ళతో సగం కొరుక్కుని, మిగిలిన సగాన్ని ఆమె చేతిలోకి నెట్టింది. "కులీ. తిను."

"పక్క మార్చి, చేతులు కడుక్కొని తింటా." ఆ సగాన్ని మంచం పక్క బల్ల మీది సాసర్లో పెట్టింది.

మింగడం అయ్యేదాకా ఆగి, నీళ్ళు తాగించి, వేలికి తడిగుడ్డ చుట్టి బుగ్గ లోపలంతా తుడిచింది. శుభ్రంగా ఉంది. దుప్పట్లు మార్చి, యుమ్మా ఒళ్ళు తుడిచి, పొడి గౌను తొడిగింది. యుమ్మా సముద్రం గురించి ఏదో చెప్పింది. చిన్నప్పుడు ముత్యాల పడవల్లో వెళ్ళిన నాన్న తిరిగి వచ్చే రోజు, ఆడవాళ్ళంతా ఒడ్డున నిలబడి పాడడం. మాటలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ సన్నబడ్డాయి. కళ్ళు మూసుకుంది. సంజీవమ్మ కాళ్ళు పిసుకుతూ పొద్దున హాల్లో పాడిన పాట సన్నగా ఎత్తుకుంది. పాట అయ్యేసరికి పరదా అంచున ఎండ తేనెరంగుకు తిరిగింది.

"యుమ్మా," అంది నవ్వుతూ. "నేనీడనే ఉండా. యాడికీ పోలా. ఇంక కండ్లు తెరువు, చాల్లే దొంగ నిద్ర."

యుమ్మా కళ్ళు తెరవలేదు. మసీదునుంచి అసర్, సాయంత్రపు నమాజు పిలుపు వినిపించింది. సంజీవమ్మ పిసుకుతున్న పాదాన్ని అలాగే పట్టుకుని, పిలుపు పూర్తయ్యేదాకా కూర్చుంది. తర్వాత లేచి, పోయి మామా తలుపు తట్టింది.

ఇల్లు మనుషులతో నిండింది, మళ్ళీ ఖాళీ అయింది. ఆడవాళ్ళు వచ్చి స్నానం చేయించి తెల్లగుడ్డ చుట్టారు. మగవాళ్ళు పొద్దు వాలేలోపల మోసుకుపోయారు. మామా ఆమెను కౌగిలించుకుని ఏడ్చింది. దుఃఖపు మూడు రోజులూ కానిచ్చి, నాలుగో రోజు అంతా చెప్పాలని సంజీవమ్మ నిశ్చయించుకుంది. ఏమైనా కానీ.

ఆ సాయంత్రమే గది సర్దడానికి లోపలికి వచ్చింది. ఎవరో పరదాలు పూర్తిగా జరిపేశారు. పరుపు మడిచి గోడకు నిలబెట్టారు. మంచం పక్క బల్ల మీద, తెల్లటి సాసర్లో సగం ఖర్జూరం ఉంది. కొరికిన వైపు చిగుళ్ళ ముద్ర ఇంకా మెత్తగా, ఇంకా తడిగా మెరుస్తోంది.