స్విచ్ ఆపి ఉన్నప్పుడు

నేను ఒక మైకును. తలకు జల్లెడ, మెడలో స్విచ్, తోకలా వైరు. బాపట్ల బస్టాండు వెనక మస్తాన్ వలీ సౌండ్ షాపులో అద్దెకు బతికాను. "రెండు ముక్కలు చెప్పి ముగిస్తాను" అన్నవాళ్ళు గంటసేపు నన్ను వదిలేవారు కాదు. ప్రతివాడూ ముందు నా తలమీద టకటక కొట్టి, "హలో, వినపడుతోందా?" అని జనాన్ని అడిగేవాడు.

వినదగ్గ మాటలు మాత్రం నేను విన్నది స్విచ్ ఆపి ఉన్నప్పుడే.

మస్తాన్ వలీ కూతురు నజీమా. తొమ్మిదో తరగతి. బళ్ళో హాజరు పిలిస్తే గొంతు పెగలక, ఎదురుగా నిలబడి కూడా ఆబ్సెంటు వేయించుకునే పిల్ల. తోటివాళ్ళు 'మూగి' అనేవారు. "నోరే లేనిదానికి పై చదువులెందుకు? పదోక్లాసుతో మానిపిస్తా" అన్నాడు తండ్రి.

సాయంత్రం తండ్రి టీకి వెళ్ళగానే నన్ను చేతిలోకి తీసుకునేది. స్విచ్ జోలికి పోయేది కాదు. ఊహలోనే కబడ్డీ ఆడిస్తూ గుసగుసగా వ్యాఖ్యానం చెప్పేది. "కూతకెళ్ళాడు... ఎడమ మూల మీద కన్నేశాడు... కాలు చాపాడు, చిక్కాడా?" సరిగ్గా అక్కడ తండ్రి వచ్చేవాడు. వాడు చిక్కాడో లేదో తెలియక రాత్రంతా నాకు నిద్రపట్టేది కాదు.

ఓ తిరనాళ్ళలో కబడ్డీ ఫైనల్. ఆంప్లిఫయర్ దగ్గర కూర్చోమని నజీమాను కూడా తీసుకెళ్ళాడు తండ్రి. వ్యాఖ్యాత కమిటీ పెద్ద పూర్ణచంద్రం గారు. ఆట సాగినంతసేపూ ఆయన దాతల పేర్లు చదివారు. స్కోరు సమం. ఆఖరి కూత. అప్పుడే ముఖ్య అతిథి కారు కనిపించింది. పూర్ణచంద్రం గారు నన్ను ఆపి నజీమా చేతిలో పెట్టారు.

"పట్టుకో పాపా. స్విచ్ ముట్టుకోకు."

దండ పట్టుకుని పరిగెత్తారు.

వెనకున్నవాళ్ళకు ఆట కనపడటం లేదు. ఎవరు వెళ్ళారు, ఏమైంది అని గోల. ముందు వరసలో ఆమె తరగతి పిల్లలు. నజీమా బొటనవేలు స్విచ్ మీదకు వచ్చింది, వెనక్కి పోయింది, మళ్ళీ వచ్చింది.

టక్.

"కూతకెళ్ళాడు..."

నాలుగు హారన్ స్పీకర్లలో తన గొంతే విని హడలిపోయింది. అయిపోయింది, వదిలేస్తుంది అనుకున్నాను. వదల్లేదు. పిడికిలి బిగించింది.

"ఎడమ మూల మీద కన్నేశాడు. కాలు చాపాడు, తగిలింది! నడుం పట్టారు. పడ్డాడు. పాకుతున్నాడు... చెయ్యి చాపాడు... గీత అందింది!"

మైదానం లేచి నిలబడింది. ముఖ్య అతిథి దండతో సహా ఎవరికీ పట్టకుండా నిలబడ్డారు. పూర్ణచంద్రం గారు వచ్చి నన్ను లాక్కుని దాతల పేర్లు ఎత్తుకోగానే వెనకనుంచి ఒకడు అరిచాడు.

"బాబాయ్, ఆ పిల్లకియ్యి!"

స్విచ్ ముట్టుకున్నదెవరో చూసి తిడదామని జనరేటర్ దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చిన మస్తాన్ వలీ అక్కడే ఆగిపోయాడు. ఇంటికి వెళ్ళేటప్పుడు ఆటోలో అడిగాడు.

"ఇంత నోరు ఎక్కడ దాచావే?"

"షాపులోనే, నాన్నా" అని నన్ను చూపించింది. పదోక్లాసుతో మానిపించే మాట మళ్ళీ ఎత్తలేదాయన.

ఇప్పుడు వైరు లేని మైకులొచ్చాయి. నా లోపలి తీగ తెగిపోయింది, అటక మీద ఉన్నాను. జిల్లా పోటీలన్నిటికీ నజీమాయే కావాలంటారు. బయల్దేరేముందు అటక మీద నుంచి నన్ను దించుతుంది. స్విచ్ వెయ్యదు.

"హలో, వినపడుతోందా?" అంటుంది.

ఆ మాట నన్ను అడిగిన మనిషి ఆమె ఒక్కతే.