ఇద్దరూ చూసిన పాఠం

అనుమానం వస్తే అడిగి తెలుసుకునే అలవాటు లక్ష్మీపతి మాస్టారికి లేదు. తీర్పు చెప్పేయడమే. డిసెంబరు పరీక్షలో పదకొండో తరగతి పిల్లలు రఘురామ్, స్తుతి రాసిన కెమిస్ట్రీ పేపర్లు అచ్చు గుద్దినట్టున్నాయి. సమీకరణాలు తుల్యం చేసిన తీరు, పక్కన వేసిన బాణాలు, జవాబు చుట్టూ గీసిన గడి, అన్నీ ఒకటే. ఆయన చెప్పిన పద్ధతి మాత్రం కాదు. రఘురామ్ తండ్రి కేంద్ర ప్రభుత్వంలో పెద్ద ఆఫీసరు. స్తుతి తల్లి జయశీల ఓ ఆసుపత్రిలో నర్సు. ఎవరు ఎవరిని చూసి రాశారో ఆయనకు ఇట్టే తేలిపోయింది. స్తుతికి సున్నా వేసి, తల్లికి ఫోను చేశాడు.

"కాపీ కొట్టలేదు సర్. ఇంటర్నెట్‌లో వీడియో చూసి నేర్చుకున్నా," అంది స్తుతి.

"ఇంటర్నెట్‌లో సినిమా పాటలుంటాయమ్మా, కెమిస్ట్రీ కాదు. కూర్చో!"

తరగతి గొల్లుమంది. కెమిస్ట్రీ పోతే కామర్సు సెక్షన్‌కు మార్చేస్తారు. నర్సింగు చదవాలన్న పిల్ల ఆశ అక్కడితో సరి.

మర్నాడు రఘురామ్ స్టాఫ్ రూముకు వచ్చాడు.

"సర్, మేమిద్దరం ఒకే వీడియో చూశాం. మన బడి పక్క పేట కటవారియా సరాయ్‌లో సైబర్ కేఫ్ ఉంది కదా, అక్కడ. నాకు చూపించిందే తను."

"నిన్ననే ఏడవొచ్చుగా ఆ మాట?"

"మీరు నన్ను అడగలేదు సర్."

సాయంత్రం మాస్టారు ఆ కేఫ్‌కు వెళ్ళి వీడియో పెట్టించుకున్నాడు. నల్లబోర్డు మీద ఎవరిదో చెయ్యి. అవే బాణాలు, అదే గడి. తాను ఏళ్ళ తరబడి చెబుతున్నదానికన్నా తేలిగ్గా తలకెక్కుతోంది. పిల్ల నిజం చెబితే నలుగురిలో నవ్వులపాలు చేశాడు.

తెల్లారి సున్నా కొట్టేసి మార్కులు వేశాడు. కారణం తరగతిలో చెప్పాలనే బయల్దేరాడు. నోరు తెరిచేలోగా గుమ్మంలో జయశీల, వెనకాల స్తుతి.

"తప్పైపోయిందండీ సార్. మీరు ఫోన్ చేశాక నాలుగు తగిలించాను. సారీ చెప్పవే!"

స్తుతి ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది. "సారీ సర్."

తరగతంతా చూస్తోంది. రఘురామ్ తల దించుకున్నాడు. చెప్పాల్సిన మాట మాస్టారి నాలిక మీదే ఉంది.

"సరేలే, ఇంకెప్పుడూ చెయ్యకు. మార్కులు వేశాన్లే," అన్నాడు.

"మీది పెద్ద మనసు సార్," అని జయశీల క్రిస్మస్ కేకు ఆయన చేతిలో పెట్టింది.

స్తుతి ఏడవలేదు. వెళ్ళి ఆఖరి బెంచీలో ఒక్కతే కూర్చుంది.

ఇంటికెళ్ళి మాస్టారు కేకు ముక్క నోట్లో పెట్టుకున్నాడు. గొంతు దిగలేదు. నీళ్ళు తాగి దింపుకున్నాడు.