ఆవిరి బోరు

రోడ్డు మీద పెద్ద గంజుల అన్నం కలుపుతుంటే మా మరిది దశరథం వచ్చి, మైకుల మాట్లాడాలన్నడు. సకల జనుల సమ్మెల కోరుట్లల గా దినం వంటావార్పు. పిలుపు మగోళ్లది, పొయ్యిలు మావి. గల్ఫుల సచ్చిపోయినోని భార్య నాలుగు మాటలు చెప్పి ఏడిస్తే జనం కదులుతరట.

"వదినె, అన్న గుండె ఆగి పోయిండనే చెప్పు," అన్నడు మెల్లగ. "నేను గూడ అన్న పనిచేసిన కంపెనీకే పోవాలె."

నా భర్త జలపతి ఒమాన్ ఎడారిల నూనె బావుల కాడ పని చేసిండు. గాడ నూనె చల్లారిన బెల్లం పాకం లెక్క గట్టిగుంటదని, ఊరికె తోడితే రాదని సెలవుల వచ్చినప్పుడు చెప్పేటోడు. బోరుల ఆవిరి పంపి, కొన్ని దినాలు మూతి బిగించి ఉంచితే, లోపట నూనె పలుచబడుతదట. అప్పుడు తోడుతరట. "మా దానికి గూడ గంతే, కాక పెడితెనే కదుల్తది," అని సుట్టాల ముంగట నవ్వేటోడు. మా అత్త లసుమవ్వ నవ్వేది. చాయ్ పోసుకుంట నేను గూడ నవ్వేదాన్ని.

శవప్పెట్టె వచ్చిన్నాడు దశరథం మూత తీయనియ్యలే. గుండె ఆగిందన్నడు. ఫోన్ల సతాయించి నేనే కొడుకు గుండె పగలగొట్టిన్నని అత్త నా మొకం చూసుడు బంద్ చేసింది. నా చేతి బువ్వ మాత్రం తిన్నది.

జలపతితోని పనిచేసిన మెట్‌పల్లి హబీబుద్దీన్ సెలవుల వచ్చినంకనే నాకు అసలు సంగతి ఎరుకైంది. ఆవిరి పైపు పగిలి మీద కొట్టిందట. పైపు పాతదని జలపతి చెప్పినా పైవాళ్లు వినలేదట. దశరథాన్ని అడిగితే, తనకు ముందే ఎరుకేనని, వీసా వచ్చేదాక నోరు మూసుకోమని అన్నడు. మూసుకున్న.

మైకు పట్టుకున్న చేతికి మెతుకులు అంటుకునే ఉన్నయి. ఏడుపు రాలే. ఆవిరి ఎట్ల పంపుతరో, నూనె ఎట్ల పలుచబడుతదో చెప్పిన. పాత పైపు సంగతి చెప్పిన.

"మా ఆయన గుండె ఆగి సావలే. ఆవిరికి ఉడికి సచ్చిండు. మా మరిది పోతనంటున్నది గా పైపుల కాడికే."

దశరథం తల వంచుకున్నడు. జనంలకెళ్లి అత్త లేచింది.

"గట్లయితే నా కొడుకు గుండె మంచిగనే ఉండెనా?"

"మంచిగనే ఉండె, అత్తమ్మా."

అన్నం మాడుతున్నదని ఎవలో పిలిచిన్రు. విస్తర్లు ఏసిన్రు. మొదటి బంతి ఎప్పుడూ మగోళ్లదే. నేను పొయ్యి దిక్కు పోలే. అత్త చెయ్యి పట్టుకొని పోయి గా బంతిల కూసున్న.