సందుల్లేని పెట్టెలు

ఏర్గట్లలో పెద్దమనుషులు కూర్చుని అన్నదమ్ములకు పొలం పంచినప్పుడు, బావి ఉన్న వైపు చిన్నవాడు రాజేష్‌కు వచ్చింది. పెద్దవాడు లింగం ఒక్క మాట కూడా అనలేదు. నోట్లో వేలు పెడితే కొరకలేని మనిషని ఊరంతా మెచ్చుకుంది. ఊరికి మెచ్చుకోవడం తప్ప ఇంకేం తెలుసు?

వేరుపడ్డాక రాజేష్‌కు ఇదే మొదటి పసుపు పంట. విత్తనానికి మంచి కొమ్ములు ఏరి పెట్టుకున్నాడు. నాటే మృగశిర కార్తె దాకా అవి నిలిస్తే తన వ్యవసాయం తనది. నిలవకపోతే మళ్లీ అన్న గడప తొక్కాల్సిందే. అక్కడివాళ్లు విత్తనపు పసుపును చెట్టు నీడలో కుప్పపోసి, ఎండుటాకులు కప్పి, పైన పేడమట్టి మెత్తుతారు. చెట్లన్నీ అన్న వాటాలోకి పోయాయి. రాజేష్‌కు రేకుల కొట్టమే దిక్కు. అందులో ఎలుకలు.

ఫోన్లో చూసి చెక్క పెట్టెలు చేద్దామనుకున్నాడు. నిజామాబాద్‌లో ఒక టైల్స్ దుకాణం వెనక పారేసిన చెక్క చట్రాలను ఆటోలో వేసుకొచ్చాడు. భార్య రోజా వాటి మేకులు పీకి, రాయి మీద పెట్టి సుత్తెతో సాపు చేసి ఇచ్చింది. చిత్రిక పట్టలేదు, రంగు వేయలేదు. పలకకూ పలకకూ మధ్య వేలు దూరేంత సందు వదిలి, ఎత్తడానికి పక్కలకు తాళ్లు కట్టాడు. మోటుగా ఉన్నా గట్టిగా కుదిరాయి. వాటిని చూసుకుని మొగుడూ పెళ్లాలు ఒకటే మురిసిపోయారు.

లింగం చూడ్డానికి వచ్చాడు. ఒక పెట్టెను ఎత్తి అటూ ఇటూ తిప్పి, సందులో వేలు పెట్టి ఆడించాడు.

"మంచిగ జేసినవ్‌ రా తమ్మీ. గని గీ సందులేంది? ఎలుకలు జొరవా?"

"గాలి ఆడాలె గదనే అన్నా. వీడియోల గట్లనే ఉంది."

"వీడియోలల్ల పసుపు పండిస్తరా? మన బాపు కుప్పకు మట్టి మెత్తలేదా? గట్లనే మెత్తు. సందు గిట్ట ఉంచకు. మొత్తం మెత్తు."

తండ్రి పేరెత్తాక రాజేష్‌కు ఇంకో మాట ఎందుకు? పేడమట్టి కలిపి సందులన్నీ మూశాడు, కొమ్ములు నింపి మూతల మీద కూడా మెత్తాడు. బాపు మట్టి మెత్తేవాడు, నిజమే. ఆవిరి పోవడానికి కుప్ప కొనలో పిడికెడంత కన్నం కూడా వదిలేవాడు. అప్పుడు బాపు పక్కన నిలబడి మట్టి అందించింది లింగం. చిన్నవాడు ఆర్మూర్ హాస్టల్లో చదువుకుంటున్నాడు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే.

ఎండాకాలమంతా రేకుల కింద ఆ పెట్టెలు ఉడికాయి. మృగశిర వాన పడ్డాక మూత తీస్తే కుళ్లు కంపు గుప్పుమంది. చెయ్యి పెడితే కొమ్ములు జావలా కారాయి. రోజా ఏడుస్తూనే పెట్టె వెనక పెట్టె తెరిచింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయినట్టయింది.

మొగుడూ పెళ్లాలు లింగం ఇంటికి పోయారు. విత్తనం అడిగినవాడికి లేదనకూడదని ఆ ఊళ్లో కట్టుబాటు. లింగం లేదనలేదు.

"ఇస్త. గని బావికాడి పొలం ఇగ నా చేతులనే ఉంటది. నువ్వు అండ్ల పని జెయ్యి. నీకేం తెల్వదు గద, నేను నేర్పిస్త."

రాజేష్ తలూపాడు. అన్న మంచితనానికి కళ్లు తుడుచుకున్నాడు కూడా, వెర్రి మాలోకం.

రోజా మాత్రం బావ మామిడిచెట్టు కింది కుప్పనే చూస్తోంది. మెత్తిన మట్టి కొనలో కన్నం నల్లగా కనిపిస్తోంది.

"బావా, మీ కుప్పకు బొక్క ఉంచుకున్నరు. మాకేమో మొత్తం మెత్తుమన్నరు. తెలిసే జెప్పిన్రు గద?"

లింగానికి జవాబివ్వాల్సిన అవసరమే రాలేదు. రాజేష్ చెయ్యి లేచి రోజా చెంప మీద పడింది.

"ఇత్తనమిచ్చే అన్నను అంటవానే? కాళ్లు మొక్కు!"

"ఆడపిల్లను కొట్టకు రా," అన్నాడు లింగం మెత్తగా. "ఆమెకేం తెలుసు."

రోజా వంగి ఆయన కాళ్లు మొక్కింది. లేచాక, విత్తనం పోస్తానని ఆయన అంటే, సంచి మూతి తెరిచి పట్టుకుని నిలబడింది.