నర్సమ్మ పథ్యం తప్పలేదు

నర్సమ్మ చేతులు పాడుచేసింది మనమే, డాక్టర్ ఉదయ్ భాస్కర్ గారూ. కోసింది మీరు, పక్కన నిలబడి కత్తెరలు అందించిన నర్సును నేను.

మణికొండలో ఆఫీసుల వాళ్లకు జొన్నరొట్టెలు చేసి అమ్ముకునే మనిషి ఆమె. గొంతులో గడ్డ పెరిగి థైరాయిడ్ మొత్తం తీయాల్సి వచ్చింది. దాని వెనకే కందిబద్దంత పారాథైరాయిడ్ గ్రంథులు నాలుగుంటాయి. ఒంట్లో కాల్షియం నిలబెట్టేవి అవే, అది తగ్గితే వేళ్లు కొంకర్లు పోతాయి. కంటికి కొవ్వు ముక్కల్లాగే కనిపిస్తాయి. ఇన్‌ఫ్రారెడ్ కెమెరా పెడితే మాత్రం తెర మీద తెల్లగా వెలుగుతాయి. అందుకు థియేటర్ లైట్లు రెండు నిమిషాలు ఆర్పాలి.

"లైట్లు ఆర్పమంటారా సార్?" అని అడిగాను.

"ఇదేమన్నా సినిమా హాలా స్టెల్లా? పాతికేళ్లుగా తీస్తున్నా, నా కంటికి తెలీదా?" అన్నారు మీరు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మీరు తీసిచ్చిన థైరాయిడ్ ముక్కనైనా కెమెరా కింద పెట్టి చూడటం నా పని. గ్రంథి దానికి అంటుకుని వచ్చేస్తే, అప్పటికప్పుడు విడదీసి మెడ కండలో నాటొచ్చు. బయట తర్వాతి కేసు ఎదురుచూస్తోంది. తిన్నగా ల్యాబుకు పంపే ఫార్మలిన్ సీసాలో వేసేశాను. అందులో పడ్డాక ఇక ఏదీ బతకదు. ఆపరేషన్ కాగితంలో "కెమెరాతో చూశాం" అన్న గడిలో పొద్దున్నే టిక్కు పెట్టేశాను. ఆ రోజు కేసులన్నిటికీ ముందే పెట్టేయడం మాకు అలవాటు.

వారానికి ల్యాబ్ రిపోర్టు వచ్చింది. ముక్కలో మూడు గ్రంథులున్నాయట. మీరు చదివి ఫైల్లో పెట్టారు. నేను చూసి ఊరుకున్నాను.

ఆర్నెల్లయింది. ఇవాళ నర్సమ్మ మళ్లీ వచ్చింది.

"రొట్టెలు కొట్టబోతే వేళ్లు గుంజుకపోతున్నయి బిడ్డా. మూతి కాడ చీమలు పారినట్టున్నది. గోలీలు మింగుతనే ఉన్న. నేనే పథ్యం తప్పిన్నేమో. చేపల పులుసు తిన్న, ఒక్కపారే. సార్‌కు చెప్పకు, తిడతడు."

కాదని చెప్పాల్సిన నేను తలూపాను.

"ఇగ ముట్ట" అంటూ ఆ కొంకర్లు పోయిన వేళ్లతోనే నా ముందు చెంపలు వేసుకుంది. సిగ్గుతో చచ్చాను. కూర్చోమని చెప్పి పైకి మీ దగ్గరికి వచ్చాను.

ఆమె ఇంకా కింద హాల్లోనే కూర్చుని ఉంది. ఆ రిపోర్టు పట్టుకుని రండి సార్, నేనూ వస్తాను. తప్పు మనదని ఇద్దరం ఆమె మొహం చూసి చెప్పాలి. రేపటి కేసులో లైట్లు ఆర్పాలి. కెమెరా కింద చూడని ముక్కను ఎవరూ సీసాలో వేయకూడదు. అదంతా తర్వాత మాట్లాడుకుందాం. ముందు మెట్లు దిగండి.