హెల్మెట్ సైజు

హెల్మెట్ ముందున్న ఇనప జాలీ మరలు విప్పుతూ వెండెల్ దగ్గాడు. సీజన్ ముగిసి జనవరి వచ్చిందంటే ఇదే పని. చెమట కంపు కొట్టే హెల్మెట్లన్నీ విప్పి, కడిగి, మరమ్మతుకు పంపాలి. సబ్బునీళ్లకు పగిలిన వేళ్లు, వంగి వంగి గట్టిపడిన నడుము. నెబ్రాస్కాలోని ఆ చిన్న కాలేజీలో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు సామాన్లు చూసేది అతనే. మైదానంలో అతని పేరు ఎవరూ ఎన్నడూ అరవలేదు. అరవాలని అతనూ కోరుకోలేదు.

అసలు ఈపాటికి అతను ఈ గదిలో ఉండాల్సినవాడు కాదు. ఉద్యోగం మానేద్దామని నవంబరులోనే నిశ్చయించుకున్నాడు. అతని భార్య ఆర్లీన్‌కి చెల్లెలి ఊళ్లో, సరస్సు పక్కన, అమ్మకానికున్న ఒక చిన్న ఇల్లు తెగ నచ్చింది. వంటింటి కిటికీకి తెర కూడా కుట్టేసింది. అప్పుడు కేడ్రిక్ అడ్డం పడ్డాడు.

కేడ్రిక్ జట్టుకు క్వార్టర్‌బ్యాక్. బంతి విసిరేదీ, ఆట నడిపేదీ అతనే. వచ్చిన కొత్తలో ఇల్లు గుర్తొచ్చి, ఈ లాండ్రీ గదిలోనే కూర్చుని ఏడ్చేవాడు. ఆదివారాలు ఆర్లీన్ చేతి చిల్లీ మాంసం కూర, దాల్చినచెక్క రోల్స్ తినితిని మనిషయ్యాడు.

"వచ్చేదే నాకు ఆఖరి ఏడాది బాబాయ్. నువ్వు లేకుండా ఆడమంటావా? ఒక్క ఏడాది ఆగు. కప్పు కొట్టి ఇద్దరం కలిసే పోదాం," అన్నాడు.

వెండెల్ కరిగిపోయాడు. ఆ ఇల్లు వేరెవరో కొనుక్కున్నారు. ఆర్లీన్ పల్లెత్తు మాట అనలేదు. తెర మాత్రం చెల్లెలికి ఇచ్చేసింది.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. దక్షిణాదిన ఒక పెద్ద కాలేజీలో ఇదే పని చేసే గస్. ఆటగాడు కాలేజీ మారితే, కొత్తచోటి సామాన్లవాడు పాతచోటి సామాన్లవాడికి ఫోన్ చేసి కొలతలు అడగడం వీళ్లలో మామూలే.

"వెండెల్ అన్నా, మీ కేడ్రిక్ హెల్మెట్ సైజు చెప్పు. ఎడంవైపు మెత్త ఏదో అదనంగా పెట్టావటగా?"

"వాడు పోర్టల్‌లో పేరు వేసుకోలేదే!"

జట్టు మారాలనుకున్నవాడు ముందు పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. అందాకా బయటి కాలేజీవాడు అతన్ని పలకరించనే కూడదు.

"అయ్యో, ఇంకా పడలేదా? థాంక్స్‌గివింగ్ పండక్కే మావాళ్లతో మాట అయిపోయిందంటే పడిందనుకున్నా. నేను ఫోన్ చేయలేదనుకో అన్నా."

నవంబరు ఆఖర్న ఆ పండగ నాడు కేడ్రిక్ వెండెల్ ఇంట్లోనే కూర్చుని టర్కీ కోడి మారు వడ్డించుకున్నాడు. 'ఒక్క ఏడాది ఆగు' అన్నది ఆ తర్వాతి వారం.

వెండెల్ కేడ్రిక్ హెల్మెట్ తీసి సైజు చూశాడు. ఒక సైజు తక్కువ చెబితే? నొప్పితో తల పట్టుకుని కూర్చుంటాడు వెధవ. ఆ ఊహ కాసేపు హాయిగానే ఉంది. చివరికి సరైన సైజే చెప్పాడు. "ఆ మెత్త మాత్రం తియ్యకు. తీస్తే వాడికి తలనొప్పి," అన్నాడు. ఫోన్ పెట్టేశాక తన మీద తనకే ఒళ్లు మండింది.

సాయంత్రం కేడ్రిక్ సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. "ఇంకా ఇక్కడే ఉన్నావా బాబాయ్? ఇంటికి వెళ్లిపోయుంటావనుకున్నా."

"పేరు వేసుకున్నావా?"

కేడ్రిక్ మొహం పాలిపోయింది. "ఇందాకే. నీకెవరు చెప్పారు?"

"అప్పుడెప్పుడో వాళ్లకి ఒప్పుకుని, నన్నెందుకు ఆగమన్నావురా?"

"కోచ్‌కి నా మీద అనుమానం వచ్చింది. 'బాబాయ్‌నే ఆపాను, నేనెక్కడికి పోతాను' అని చెప్పా. నమ్మేశాడు." కేడ్రిక్ తల దించుకున్నాడు. "ఇప్పుడు ఆట ఇలాగే ఉంది. నా చోట నువ్వుంటే ఏం చేసేవాడివి?"

"మీ పిన్నిని ఆ ఇల్లు కొనుక్కోనిచ్చేవాణ్ణి."

కేడ్రిక్ కౌగిలించుకోబోయాడు. వెండెల్ చేతిలో ఉన్న హెల్మెట్ అడ్డం పెట్టాడు. కాసేపటికి బయట కారు స్టార్టయి, చప్పుడు దూరమైపోయింది.

వెళ్లిపోయినవాడి లాకర్ సర్దడం కూడా వెండెల్ పనే. బూట్లు, చేతి తొడుగులు, తలుపుకి అంటించిన ఫొటోలు అన్నీ పట్టుకెళ్లాడు కేడ్రిక్. పై అరలో ఒక ఉన్ని టోపీ మిగిలింది. కాలేజీ ఆకుపచ్చ రంగులో ఆర్లీన్ క్రిస్మస్‌కి అల్లి ఇచ్చింది. దాని చుట్టూ ఆమె కట్టిన ఎర్ర రిబ్బన్ ముడి ఇంకా విప్పనే లేదు.