గిన్నె అడుగున పేరు

గిన్నెలో ఒక ముద్ద బార్లీ గంజి వదిలేశాడని మా అత్త పొద్దున్నే కొడుకు మీద విరుచుకుపడింది.

"పారబోసే రోజులట్రా ఇవి? తుడిచి తిను."

"ఆకలి లేదమ్మా," అన్నాడు మా ఆయన బిల్లికో.

అబద్ధం. ఆ ముద్ద తింటే గిన్నె అడుగున, దాన్ని చేసినవాడి పేరు అచ్చు కనిపిస్తుంది. బిల్లికో పక్కనే సారె తిప్పిన మతుగెన్ పేరు. వంకర పోయిందని పారేసిన గిన్నెను నేనే ఇంటికి తెచ్చుకున్నాను. నాలుగు రోజులుగా బిల్లికో ఆ పేరు చూడలేకపోతున్నాడు.

నాలుగు రోజుల కిందట బట్టీ తెరిస్తే ఎర్రగా మెరవాల్సిన పళ్లేలు నల్లమచ్చలతో వచ్చాయి. నర్బో రేవులో ఓడ వెళ్లిపోతుందని యజమాని తొందరపడి పచ్చికట్టెలు పెట్టించాడు, ఆ పొగకే మచ్చలు పడ్డాయి. అది అందరికీ తెలుసు. మేస్త్రీ మాత్రం ఒక పళ్లెం తీసి, మధ్యలో పేరు చదివి, మతుగెన్‌ను పిలిచాడు. కుడిచెయ్యి సారె మీద పెట్టమన్నాడు. ఇనుప కడ్డీ లేచింది. ఎర్రమట్టి వడగట్టే ఆడవాళ్లం గుడ్డలు పట్టుకుని అలాగే నిలబడ్డాం. ఎముక విరిగిన చప్పుడు విన్నాం. ఒక్కరం కూడా కదల్లేదు.

నిన్న మళ్లీ పచ్చికట్టెలే దిగాయి.

మట్టి కడిగే తొట్ల దగ్గర పళ్లేలు చేసే ముప్పై మందీ చేరారు. కొందరు కూలీలు, కొందరు బానిసలు. కడ్డీకి ఆ తేడా లేదు. ఒకడు అచ్చు మానేద్దామన్నాడు. పేరు లేని పళ్లెం బట్టీ ఎక్కదని ఇంకొకడు కసిరాడు. పారిపోదామన్నవాణ్ణి, పెళ్లాం బిడ్డల్ని ఎవరికి అప్పజెబుతావని అడిగారు. అప్పుడు మతుగెన్ భార్య రుతేనా లేచింది.

"అందరూ మా ఆయన పేరే వెయ్యండి. ఆ చెయ్యి ఇక పళ్లెం చెయ్యలేదు. మేస్త్రీ ఎవర్ని పిలుస్తాడో చూద్దాం."

"అందరి చేతులూ విరగ్గొడితే, వదినా?" అడిగాడు బిల్లికో.

"అప్పుడు పళ్లేలు వాడి మేనమామ చేస్తాడా?"

నవ్వు పైకి రాలేదు. తలలూపారు గానీ, ముందు నేనంటూ ఎవరూ అనలేదు.

నిన్న సాయంత్రం నేను మట్టి ముద్దల్ని మా గిన్నె అడుగున అదిమి, పేరు దింపుకుని, రొట్టెలతో పాటు పొయ్యిలో కాల్చాను. వీధిలో అడుగుల చప్పుడైనప్పుడల్లా చేతులు ఆగిపోయేవి. ముప్పై అచ్చులు.

ఇప్పుడు ఆ అచ్చులున్న బుట్ట తెచ్చి గిన్నె పక్కన పెట్టాను. విషయం చెప్పగానే అత్త మొహం పాలిపోయింది.

"కొంప ముంచుతావటే నువ్వు?"

ఆవిడ తప్పేమీ అనలేదు. ఆవిడకి ఒక్కడే కొడుకు.

బిల్లికో గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. మిగిలిన ముద్ద తిన్నాడు. రొట్టెముక్కతో అడుగు తుడిచాడు. పేరు తేలింది. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి దిద్దాడు. బుట్టలోంచి ఒక అచ్చు తీసుకున్నాడు.

"నాకు భయంగానే ఉందమ్మా," అన్నాడు. "ఇవాళ మొదటి అచ్చు నేనే వేస్తాను."